అత్తరు సీసాలో రెండు సాలీళ్లు

మొన్న బహదూర్‌పురాలో మా కాలేజీ సహోద్యోగి కూతురి పెళ్లికి వెళ్తే, ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయన ఒకరు చిన్న సీసాలోంచి నా మణికట్టు మీద ఖస్ అత్తరు, అదే వట్టివేళ్ల అత్తరు, రాశారు. పక్కనున్న ఆడవాళ్లు ఆ వాసనకు మురిసిపోతున్నారు. నా కళ్ల ముందు మాత్రం సాలీళ్లు కదిలాయి. పెళ్లిలో ఈ మాట ఎవరితో చెప్పుకోను? అలసటగా ఉందని చెప్పి తొందరగా ఇంటికి వచ్చేశాను. అబద్ధమేమీ కాదు, ఈ మధ్య ఎప్పుడూ అలసటగానే ఉంటోంది.

ఆ వాసన రజియా మేడమ్‌ది. మీరు ఆమెను చూసి ఉండరు. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, కిషన్‌బాగ్‌లో తన చెల్లెలు, మేమంతా ఆపా, అంటే అక్కా అని పిలిచే నస్రీన్‌తో కలిసి ఉండేవారు. డిగ్రీలో నాకు పాఠం చెప్పారు. నేను పరిశోధనలో చేరాక, యూనివర్సిటీలో నా గైడు సంతకాలు పెట్టేవారు, పని మాత్రం మేడమ్ ఇంట్లో భోజనాల బల్ల మీద నేర్చుకున్నాను. బల్ల సగం మైక్రోస్కోపుది, సగం అన్నానిది. ఏదో ఒకరోజు పప్పుచారులో సాలెపురుగు తేలుతుందని నస్రీన్ ఆపా సణుగుతూనే ఉండేది. సాలీళ్లను దాచే సీసాలు గల్లీ చివరి అత్తరు దుకాణం నుంచి వచ్చేవి. ఎంత కడిగినా వాసన పోయేది కాదు. "చచ్చినంక గింత ఖుష్బూ ఎవరికి దొరుకుతది బేటా" అనేవారు మేడమ్, నవ్వకుండానే.

ఆమె మొదట నేర్పింది సాలీళ్ల గురించి కాదు, చీటీ గురించి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో చిన్న కాగితం ముక్క మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వెయ్యాలి. బయట అంటిస్తే ఊడిపోతుంది. ఇంకుతో రాస్తే స్పిరిట్ తాగేస్తుంది. పట్టిన చోటు తెలియని సాలీడు శాస్త్రానికి పనికిరాదు. ఈ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పారంటే, నేను వినడం మానేశాను.

పడమటి కనుమల వర్షారణ్యానికి ఆమె జీవితంలో ఒక్కసారే వెళ్లారు, చదువుకునే రోజుల్లో, కాలేజీ టూరులో. ఆ తర్వాత తల్లి జబ్బు, ఉద్యోగం, మోకాళ్లు. నేను వెళ్లొచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని వాన ఎట్లా పడింది, జలగలు ఎక్కడిదాకా ఎక్కాయి, అన్నీ అడిగేవారు. జలగల కథకు ఆమె కళ్లు మెరిసేవి. నాకు మాత్రం కాళ్లు దురద పెట్టేవి.

రెండో ఏడు వానల్లో నాకు ఆ సాలీడు దొరికింది. బఠానీ గింజంత. ఆకు అడుగున గూడు, ఆకుపచ్చ ఒంటి మీద పసుపు చుక్కలు. స్పిరిట్‌లో వేసిన గంటకే రంగంతా పోయింది. ఆడదాన్ని మేడమ్ ముందు పెట్టాను. ఆమె మైక్రోస్కోపు మీద వంగి ఎంతసేపు చూశారంటే, చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి తలెత్తి, "వాగు పక్కన దొరికిందా?" అన్నారు. నేనింకా చోటు చెప్పనే లేదు. అనుభవం అంటే ఇదీ అనుకుని పొంగిపోయాను. ఇది కొత్త జాతే అయితే ఆమె పేరే పెట్టాలని ఆ రోజే అనుకున్నాను. మా అమ్మతో కూడా చెప్పాను.

చిక్కంతా మగదాంతో వచ్చింది. ఆడది చూడటానికి పాత జాతి ఒకదానిలాగే ఉంది. తేడా తేలాలంటే మగదాని మూతి పక్కన ఉండే పొట్టి కాళ్ల చివరలు చూపించాలి. మగది నా దగ్గర ఉంది. అదే వాగు పక్కన, అదే ఆకు కింద పట్టాను. ఆ పూట వానలో పెన్సిలు ములుకు విరిగితే అటవీశాఖ వాచర్ జేబులోని పెన్ను అడిగి తీసుకుని చీటీ రాశాను. ఆ ఒక్క చీటీనే. మేడమ్ దాన్ని సీసాలోంచి తీసి అద్దం కింద పెడితే, కాగితం మీద నీలి మరక తప్ప ఏమీ లేదు. ఆ ప్రయాణంలో నేను రెండు అడవులు తిరిగాను. ఆ సాలీడు ఏ అడవిదో చెప్పడానికి నా మాట తప్ప సాక్ష్యం లేదు.

నాకు బాగా గుర్తుందని, ఇప్పుడు కొత్త చీటీ రాసేస్తానని అన్నాను.

"నీకు యాదికున్నదా బేటా, యాదికుండాలని ఉన్నదా?" అన్నారు మేడమ్.

నాకు మండిపోయింది. ఉన్నదని గట్టిగా చెప్పాను. ఆమె వాదించలేదు. "పేపరు మీద సంతకం నీది. నీ ఇష్టం" అని మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పేశారు. ఆమె వద్దు అని ఉంటే ఎదురు తిరిగి రాసేసేదాన్నేమో. అటు గైడు గారు నవ్వి, రాసేయమ్మా, ఎవరొచ్చి చూస్తారు అన్నారు. ఆయన మాట వినాలని ఎంత ఉన్నా చెయ్యి రాలేదు.

తర్వాతి వానలకు అనుమతి దొరకలేదు. ఆ పై ఏడు వెళ్లేసరికి ఫెలోషిప్ అయిపోయింది. థీసిస్ ఇవ్వలేదు గనక రెగ్యులర్ లెక్చరర్ ఇంటర్వ్యూ దాటిపోయింది. ఆ పోస్టు మళ్లీ రాలేదు. నేను ఇప్పటికీ కాంట్రాక్టు లెక్చరర్‌నే. ఏటా జూన్‌లో ఉంటానో లేదో తెలియకుండా బతకడం ఎలా ఉంటుందో, బతికినవాళ్లకే తెలుసు.

ఫెలోషిప్ లేకుండా వెళ్లిన ఆ ఏడు, అదే వాగు పక్కన, ఆడదాని గూట్లోనే మగది దొరికింది. పట్టుకుని సీసాలో వేసి, పెన్సిలుతో రాసి, బురదలోనే కూలబడి ఏడ్చాను. అచ్చు మొదటిదే. నాకు గుర్తున్నది నిజమే.

తిరిగొచ్చి సీసాలు రెండూ బల్ల మీద పెట్టి, నేను అప్పుడే చెప్పలేదా అన్నాను. ఆమె క్షమాపణ అడగాలని నా ఆశ. కనీసం అయ్యో అనాలని. ఆమె రెండింటినీ చూసి, నెమ్మదిగా అన్నారు:

"అప్పుడు నీ మాట ఉండె. ఇప్పుడు సాలెపురుగున్నది."

అంతే. నేను చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను. పేపరు రాశాను, అచ్చయింది, కొత్త జాతి నిలబడింది. పేరు పెట్టే చోట మాత్రం మేడమ్ పేరు రాయలేదు. ఆ వాగు పేరు పెట్టాను. కావాలనే. అచ్చయిన కాపీ ఒకటి తీసుకెళ్లి ఇస్తే, ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీలో పేరు చదివి, "మంచి పేరు. వాగు ఎటూ పోదు" అన్నారు. ఆ తర్వాత నేను కిషన్‌బాగ్ వెళ్లడం తగ్గించాను. పండక్కి ఒక ఫోను, అంతే.

ఆమె పోయి రెండేళ్లు. నలభయ్యో రోజు గడిచాక నస్రీన్ ఆపా పిలిచి, ఈ సీసాలు నువ్వు తీసుకపోకుంటే పారేస్త అంది. డబ్బా మోసుకొచ్చి, నెలల తరబడి మూల పెట్టి, ఒక ఆదివారం ఒక్కో సీసా చూడటం మొదలుపెట్టాను. అడుగున బాగా పాతది ఒకటి ఉంది. అందులో రెండు సాలీళ్లు, ఒకటి ఆడది, ఒకటి మగది. మైక్రోస్కోపు కింద పెట్టగానే గుర్తుపట్టాను. వాటి మీద నేను నాలుగేళ్లు కళ్లు పోగొట్టుకున్నాను మరి. మా జాతే. ఆమె వెళ్లిన ఆ ఒక్క కాలేజీ టూరులో, నాకంటే నలభై ఏళ్ల ముందు పట్టినవే అయ్యుండాలి.

సీసాలో చీటీలు రెండున్నాయి. ఒకటి నీలి మరక, అచ్చు నా చీటీలాగే. రెండోది ఉర్దూలో, పెన్సిలుతో. నాకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. మర్నాడే కిషన్‌బాగ్ వెళ్లాను. నస్రీన్ ఆపా కిటికీ దగ్గరికి పోయి చదివింది.

"జగా మాలూమ్ నహీఁ. సియాహీ సే లిఖీ థీ. గల్తీ మేరీ."

చోటు తెలియదు. ఇంకుతో రాసిన. తప్పు నాది.

చోటు తెలియకేం? వాగు పక్కనా అని నేను చెప్పకముందే అడిగిన మనిషి. ఆడదీ మగదీ ఒకే జాతని ఆమెకు మొదటి రోజే తెలుసు. నా మాట నిజమని తెలుసు. ఆ సీసా తీసి చూపిస్తే నా రెండేళ్లు మిగిలేవి. కానీ తన గుర్తును తనే సాక్ష్యంగా ఒప్పుకోని మనిషి, నా గుర్తును ఎలా ఒప్పుకుంటుంది? కొత్త జాతిని కనిపెట్టిన పేరు నలభై ఏళ్లు బీరువాలో పెట్టుకుని, నేను తెస్తే చాయ్ చల్లార్చుకుని చూసి, ఒక్క మాట అనలేదు. నాకు ఆమె మీద కోపం ఇప్పటికీ కొంత ఉంది. ఆమె లేకపోవడం మాత్రం అంతకంటే చాలా ఎక్కువగా ఉంది.

ఒకసారి అచ్చయిన పేరును పెట్టినవాళ్లు కూడా మార్చడానికి లేదు. అది మా శాస్త్రం కట్టడి. ఆ సాలీడు ఎప్పటికీ వాగు పేరుతోనే ఉంటుంది.

పెళ్లి నుంచి వచ్చాక ఆ సీసా తీశాను. స్పిరిట్ తగ్గింది. బిరడా తీస్తే ఖస్ వాసన ఇంకా ఉంది, నా మణికట్టు మీది వాసనే. చిన్న కాగితం ముక్క కత్తిరించి, పెన్సిలు చెక్కుకుని రాశాను: పేరు కోపంలో పెట్టిన. తప్పు నాది. దాన్ని ఆమె చీటీ పక్కన వేసి, నిండా స్పిరిట్ పోసి బిరడా బిగించాను. పెన్సిలు గనక అది చెరిగిపోదు.