కుళాయి మీద కూర్చున్న కప్ప

ఆమెను అందరూ కీచురాళ్లమ్మ అనేవారు. అంతరించిపోతున్న ప్రాణులను సాకే కేంద్రంలో, వాటి మేతకోసం కీచురాళ్లను పెంచడం ఆమె పని. ఒక గదిలో పాటల పిట్టలు, పక్క గదిలో చెట్టుకప్పలు. పిట్టలను చూసే డాక్టరుకూ, కప్పలను చూసే డాక్టరమ్మకూ రోజూ ఒకటే వాదన, ఎవరి ప్రాణులు ఎక్కువ ఆపదలో ఉన్నాయని.

"మీ పిట్టకి రెక్కలున్నాయండీ, ఒక అడవి కొట్టేస్తే ఇంకో అడవి వెతుక్కుంటుంది. నా కప్పకి ఆ ఒక్క వాగే దిక్కు," అనేది డాక్టరమ్మ.

కీచురాళ్లమ్మ ఎప్పుడో పిట్టల పక్షం చేరిపోయింది. కప్పలంటే ఆమెకు ఒళ్లు జలదరింపు. పైగా అవి నోరు విప్పిందే లేదు. మగకప్ప కూయకపోతే ఆడకప్ప దగ్గరికి రాదనీ, ఇక గుడ్ల మాటే లేదనీ డాక్టరమ్మకు దిగులు.

భర్త లారీతో ఊళ్లు తిరుగుతుంటే, ఇంట్లో ఉండేది తనూ అత్తగారూ. ఒక సాయంత్రం వానకు తడిసిన సంచిని స్నానాలగదిలో కొక్కేనికి తగిలించింది. కాసేపటికి లోపల టక్కు టక్కుమని చప్పుడు. కుళాయి కారుతోందని గొణుక్కుంటూ వెళ్లిన అత్తగారు నెమ్మదిగా తిరిగొచ్చింది.

"కారేది కుళాయి కాదే. దానిమీద ఎవరో కూర్చున్నారు."

బొటనవేలంత చెట్టుకప్ప. మేత వేసేటప్పుడు సంచిలో దూరినట్టుంది. గొంతు బుడగలా ఉబ్బించి మరీ కూస్తోంది. ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ కీచురాళ్లమ్మ డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"కూస్తోందా? ముట్టుకోకండి, వస్తున్నా," అందావిడ.

వచ్చి, తలుపు వేసుకుని, బకెట్ బోర్లించి దానిమీద కూర్చుని రికార్డు చేసుకుంది. తువ్వాలు భుజాన వేసుకుని బయట కాచుకున్న అత్తగారు చివరికి తలుపు తట్టి, కప్పగారి కచేరీ ముగిసిందా అని అడిగింది.

డాక్టరమ్మ కప్పను వెనక్కి తీసుకెళ్లి, రికార్డు చేసిన ఆ కూతను వినిపించగానే కేంద్రంలోని మగకప్పలన్నీ పోటీకి దిగాయి. వానలు వెళ్లేలోపే ఆకుల మీద గుడ్లు కనిపించాయి. ఆ గోలకు పిట్టలు అలిగి పాట మానేస్తే, డాక్టరు మధ్యగోడకు దుప్పట్లు కొట్టించాడు. ఇప్పుడు చెప్పమని కీచురాళ్లమ్మనే నిలదీశాడు, పిట్ట గొప్పదా కప్ప గొప్పదా అని.

"పిట్టే బాగా పాడుతుందండీ. కానీ అది మా ఇంటికి ఎప్పుడూ రాలేదు," అందామె.

మర్నాడు డాక్టరు, పిట్టలను చూడ్డానికి ఆమె అత్తగారిని తీసుకురమ్మని తనే కబురు పంపాడు.