కట్టుడు పని

ఆ రోజుల్ల దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయినట్టే. ఎల్బీనగర్ అంటే నాలుగు ఇండ్లు, మిగిలినవన్నీ చేన్లు. ఇంట్ల కూసొని నౌకరీ చేసుడు మేమే కనిపెట్టినమని ఇప్పటి పిల్లలు అంటుంటే నాకు ఒళ్లు మండుతది. అరవై తొమ్మిదిల తెలంగాణ కోసం దినాం బందులు నడుస్తుంటే, కిరాయి అర్రల కూసొని, చీర మీద పువ్వు తేలాలంటే ఏ దారాన్ని ఎక్కడ కట్టి రంగుల ముంచాలో గళ్ల కాగితం మీద గీసి పోచంపల్లికి పోస్టు చేసేటోణ్ణి నేను. (చదివింది ఐదే. మిగిలిందంతా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నదే.)

అప్పుడే మలేషియాల, పినాంగుల ఉన్న మా అక్కకు నెలలు నిండుతున్నయి. బావది ఓడ మీద నౌకరీ, ఎప్పుడొస్తడో సముద్రానికే ఎరుక. అమ్మ లేదు. "తమ్ముడా, ఒక్కదాన్నే ఉన్న, జర రారా" అని అక్క కబురు పెట్టింది. నేను పోతే ఇక్కడ నాయిన పొయ్యి ఆరిపోతది. అందుకని ఉపాయం ఆలోచించిన: ఉండుడు ఆడ, పని ఈడిది. గీసిన కాగితం దిల్‌సుఖ్‌నగర్ నుంచి పోతే ఏంది, పినాంగు నుంచి పోతే ఏంది?

వీసా దరఖాస్తు ఇంగ్లీషుల కొట్టిచ్చింది ఎల్బీనగర్‌ల ఉండే గుంటూరు నుంచొచ్చిన టైపు పంతులు. "మీరు చేసేది ఏం పనండీ?" అన్నడు. "కట్టుడు పని" అన్న. టకటక కొట్టేసిండు. తీరా మద్రాసు పోతే, వీసా ఆఫీసరు కాగితం చూసి, నా బక్క చేతులు చూసి, అరవం కలిసిన తెలుగుల "మేస్త్రీలకి కాంట్రాక్టరు పూచీ ఉండాలప్పా" అన్నడు.

"ఆంధ్రాయన కావాలనే చేసిండు, నడువు చూద్దాం" అన్నరు దోస్తులు. వాళ్లను ఆపి ఒక్కణ్ణే పోయిన. (ఆ దినాలల్ల పంతులు తలుపు గడియ తీసేటోడు కాదు. నా గొంతు గుర్తుపట్టి తీసిండు.)

"నన్ను మేస్త్రీని ఎందుకు చేసినవయ్యా?"

"అయ్యో, మా వైపు కట్టుడు పనంటే గోడ కట్టడమేనండీ. దారాలు కడతారని నాకేం తెలుసు బాబూ" అని తల పట్టుకున్నడు. మజ్జిగ ఇచ్చి, కొత్త కాగితం కొట్టిండు: అక్కడ ఏ పనీ చేయడు, ఊరికే ఉంటాడు.

మళ్ల మద్రాసు. "పని లేనివాడివి, ఏం తిని బతుకుతావ్?" అన్నడు ఆఫీసరు.

"పనుంది సారూ, పోచంపల్లిది."

"అక్కడ కూర్చుని గీస్తావా?"

"గీస్తా."

"అయితే అక్కడ పని చేసినట్టే కదా?"

నాకు నషాళానికెక్కింది. "పనుంటే రావద్దంటిరి, లేకుంటే రావద్దంటిరి. మనిషెట్ల పోవాలె సారూ?"

ఆయన కలం పక్కన పెట్టి, మెల్లగ అన్నడు, "నీలాంటివాడికి వీసా ఇంకా పుట్టలేదప్పా."

ఇంటికొచ్చేసరికి తంతి వచ్చి ఉంది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. పక్కింటి చీనా ముసలమ్మ దగ్గరుండి చూసుకున్నదట. తర్వాత అక్క బిడ్డతోని వచ్చినప్పుడు ఈ కథంత విని, కడుపు పట్టుకొని నవ్వి, ఆనాటి నుంచి కన్నుమూసేదాక నన్ను "ఏం మేస్త్రీ" అనే పిలిచింది.

మొన్న మనవరాలు లాప్‌టాప్ సంకల పెట్టుకొని వచ్చింది. "తాతా, వీసా వచ్చింది. ఉండుడు ఆడ, పని ఈడిదే." యాభై ఏండ్లు దాటినంక ఆ వీసా పుట్టిందన్నమాట.

"ఏం పనని రాసినవ్ బిడ్డా?"

ఏదో చెప్పింది, నాకు సమజ్ కాలే. "కట్టుడని రాయలే గద?" అన్న.

"ఏం కట్టుడు తాతా?" అని నా మొకం చూసింది. నవ్వేది అక్క ఒక్కతే, ఆమె లేకపాయె. మేస్త్రీ ఒక్కడే నవ్వుకున్నడు.