నీళ్ల కరెంటు, తెల్ల చొక్కా

ఎనభైల మాట. మా బావ, అంటే అక్క మొగుడు, నీళ్లతో కరెంటు తీసే చోట పనిచేసేవాడు, గోదావరి మీద మాకు ఎగువన ఉన్న ప్రాజెక్టులో. మా ఆయనది గోదావరిఖనిలో బొగ్గు బాయి పని. ఆయన తవ్విన బొగ్గుతో రామగుండంలో కరెంటు తీసేవాళ్లు. ఇద్దరూ కరెంటు కోసమే చాకిరీ చేస్తున్నా, బట్టలుతికేటప్పుడు మాత్రం నాకు కడుపు మండిపోయేది. మా ఆయన బట్టలు జాడిస్తే నాలుగో బకెట్టు కూడా నల్లబడేది. అక్కకేమో నీళ్లే తిండి పెడుతున్నాయి!

బావ డ్యూటీకి కూడా తెల్ల చొక్కాలోనే పోతాడట. ఒకసారి ఇద్దరూ మా ఇంటికొచ్చినప్పుడు మంచం మీద కాళ్లు చాపుకుని గొప్పలు మొదలుపెట్టాడు.

"మా కాడ ఏముంటది తమ్మీ! పైనుంచి నీళ్లు దుంకుతయి, చక్రం తిరుగుతది, కరెంటొస్తది. మళ్ల గవే నీళ్లు పొలాలకు పోతయి. పొగ లేదు, బూడిద లేదు."

అప్పుడే షిఫ్టు దిగొచ్చిన మా ఆయన కళ్ల చుట్టూ నలుపు ఇంకా వదల్లేదు. "మంచిగున్నదన్నా" అని నిజంగానే సంబరపడ్డాడు. ఆ మంచితనం చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆ మధ్యాహ్నం బావ చొక్కా ఉతికి తీగ మీద ఆరేశాను. మా క్వార్టర్ల లైన్లలో సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజేస్తారు. ఆలోపే బట్టలు తీసేయాలని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే తీయలేదు. పైగా పొయ్యిని జరిపి, సరిగ్గా ఆ తీగ కిందే రాజేశాను.

పొగకు నల్లబడ్డ చొక్కా చూసి అక్క బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, మర్సిపోయిన అక్కా" అన్నాను. లోపల ఎంత హాయిగా ఉందో!

మా ఆయన పొయ్యి వంక చూశాడు. అది రోజూ ఉండే చోట లేదు. చొక్కా తీసుకుని నల్లా దగ్గర కూర్చుని రుద్దసాగాడు. నేను వెనకే పోయాను.

"నువ్వెందుకు ఉతుకుతున్నవ్? ఇటియ్యి."

తలెత్తలేదు. "అన్నను నా లెక్క జేస్తే నీకు సల్లగైందా?" అన్నాడు. "నా లెక్క ఉండుడు గంత నామోషా?"

మర్నాటి నుంచి తన డ్యూటీ బట్టలు నన్ను ముట్టుకోనివ్వలేదు. రిటైరయ్యేదాకా తనే ఉతుక్కున్నాడు.

అక్కంటే నాకు ఇప్పటికీ అసూయే. బావ విడిచిన చొక్కా ఇంకా ఆమె చేతికే ఇస్తాడు.