డ్రైవరు సీటు నాదే

యాభై రెండేళ్ళ వయసులో నేనొక ఖరీదైన కారు కొన్నాను. ఒకే కంపెనీవి రెండు బండ్లు, దాదాపు ఒకే ధర. వాటిలో ఏది ఇంటికి తెచ్చుకోవాలో తేల్చుకోవడానికి నాకు నెల పైనే పట్టింది. ఆ నెలలో నాకు సలహా చెప్పని మనిషి లేడు. అందరూ ఒకే బండి పేరు చెప్పారు. నేను కొన్నది రెండోది.

మా ఆయన్ని నేను మావ అని పిలుస్తాను. మా అమ్మకు తమ్ముడే కాబట్టి పెళ్ళికి ముందూ అదే పిలుపు, తరువాతా అదే. ముప్ఫై ఏళ్ళు ఐసు లారీ నడిపాడు. మా సముద్రం ఒడ్డు నుంచి చేపల లోడు ఎత్తుకుని బొబ్బిలికో సాలూరుకో ఐసు కరిగేలోపల చేర్చేవాడు. నెల్లిమర్లలో మిల్లు జీతాల రోజయితే, కూలీలు చేపలు బాగా కొంటారని తెల్లారకముందే అక్కడ ఉండేవాడు. నేను ఒడ్డున వేలంలో సరుకు పాడుకునేదాన్ని. అలా ఇద్దరం కలిసి ముందు ఒక ఐసు ఫ్యాక్టరీ పెట్టుకున్నాం, ఆ తరువాత రొయ్యలు నిలవ చేసి పంపే గిడ్డంగి కట్టుకున్నాం.

చక్కెర జబ్బు మావ కళ్ళకు ఎక్కింది. కంటి వెనక పొరలో నెత్తురు కారుతోందనీ, నెలనెలా కంట్లో ఇంజెక్షను వేయించుకోవాలనీ విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. "ఇక స్టీరింగు పట్టుకోవద్దు" అని కూడా అన్నాడు. ఆ రోజు ఇంటికి రాగానే మావ లైసెన్సు తీసి నా చేతిలో పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. 

డ్రైవర్ని పెట్టుకున్నాం. మంచివాడే, కానీ ఒక ఇంజెక్షను రోజున రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇంకో బండి దొరికి మేము ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు, మరునాటి నుంచి ఆయన ఊళ్ళో ఉండడన్నారు. మళ్ళీ వంతు వచ్చేసరికి మావ ఎడమ కన్ను ఇంకా మసకబారింది. ఆ ఆలస్యం వల్లే అలా అయిందని డాక్టరు అనలేదు. నేను మాత్రం అనుకున్నాను. ఆ వారమే శ్రీకాకుళంలో డ్రైవింగు స్కూలుకు వెళ్ళి పేరు రాయించుకున్నాను. అప్పుడు నాకు నలభై తొమ్మిది.

మూడేళ్ళు మా పాత చిన్న కారే నడిపాను. నెలకొకసారి ఎచ్చెర్ల దగ్గర హైవే ఎక్కి, రణస్థలం, భోగాపురం మీదుగా వెళ్ళి రావడం. పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడల్లా ఆ గాలికి మా బండి ఊగేది. ఒక వానరోజు పూసపాటిరేగ దగ్గర బ్రేకు వేస్తే బండి పక్కకు జారి, డివైడరుకు జానెడు దూరంలో ఆగింది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. "బరువున్న బండి కావాలే" అన్నాడు మావ. నిజం చెప్పాలంటే నాకు ఆశ కూడా ఉంది. జీవితమంతా లారీ క్యాబిన్లో ఇంజను వేడి మీద కూర్చున్న మనుషులం. మంచి బండి కొనే స్తోమత వచ్చింది, ఎందుకు కొనకూడదు? ఎత్తు బండ్లు ఎక్కడం మావ మోకాళ్ళకు కుదరదు కాబట్టి కిందికుండే కారే చూడాలనుకున్నాం.

విజయనగరంలో ఉండే మా తమ్ముడు తోడు వచ్చాడు. ముగ్గురం విశాఖపట్నం షోరూముకు వెళ్ళాం. అక్కడి సేల్స్ కుర్రాయన టై కట్టుకుని ఎంతో మర్యాదగా మాట్లాడాడు, కానీ మాట్లాడిందంతా మా తమ్ముడితోనే.

మొదటి బండి పొడవైనది. వెనక సీటు మీట నొక్కితే పడక కుర్చీలా వాలుతుంది. కాళ్ళు చాపుకునేంత చోటు, కిటికీలకు తెరలు, దూదిపరుపు మీద వెళ్తున్నట్టు మెత్తని ప్రయాణం. రెండోదీ అదే కంపెనీది, ముఖం కూడా ఇంచుమించు అదే. కానీ పొట్టిది. ఇంజను బలమైనది, సీట్లు గట్టివి, వెనక ఇద్దరు కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకు ఆనుతాయి. ధరలో తేడా మా ఐసు ఫ్యాక్టరీ ఒక నెల కరెంటు బిల్లంత కూడా లేదు.

"అప్పా, ఇందల ఆలోసించడానికి ఏటున్నాది?" అన్నాడు తమ్ముడు. "అదే డబ్బుకి అంత సోటు వస్తాది. మావా నువ్వూ వెనక దర్జాగా కూకోండి."

"ఇద్దరం వెనక కూకుంటే నడిపేదెవడ్రా?"

"డ్రైవర్ని మేమే చూపిస్తాం మేడమ్" అన్నాడు సేల్స్ కుర్రాయన, మొదటిసారి నా వైపు తిరిగి.

"నడిపేది నాను. నాతో సెప్పు బాబూ" అన్నాను.

నా సంచిలో ఒక చెక్క దిమ్మ ఉంది. మా ఫ్యాక్టరీ మలుపులో రోడ్డుకు అడ్డంగా పోసిన స్పీడు బ్రేకరు చాలా ఎత్తు. దాని ఎత్తుకు సరిగ్గా కోయించి తెచ్చాను. చీర కుచ్చిళ్ళు బిగించి, మెరిసిపోతున్న ఆ నేల మీద మోకాళ్ళూని, దిమ్మను రెండు బండ్ల కిందా తోసి చూశాను. రెంటి కిందా దూరింది. అక్కడున్నవాళ్ళంతా చూస్తూ నిలబడిపోయారు. తమ్ముడు సిగ్గుతో పక్కకు వెళ్ళాడు. మావ మాత్రం "ఎంత సందున్నాది?" అని అడిగాడు. "రెండు వేళ్ళు దూరతాయి" అన్నాను. "కాళీ బండికి అది. మనుసులెక్కితే దిగుతాది" అన్నాడు.

అప్పుడు రెండు బండ్లలోనూ నన్ను ఒకసారి స్టీరింగు ముందు కూర్చోనిమ్మన్నాను. పొట్టి బండిలో కూర్చోగానే నా మనసు దాని మీద పడింది. చేయి పడ్డ చోటల్లా కావలసినది ఉంది. నాలుగు వైపులా అడ్డం లేకుండా కనబడింది. ఆ సంగతి బయటకు చెప్పడానికి మొహమాటపడ్డాను. ఎందుకంటే ఇంజెక్షను వేసిన రోజు మావ కన్ను సలుపుతుంది. తిరిగొచ్చేటప్పుడు చిన్న కారులో తల పట్టుకుని వంగి కూర్చునేవాడు. వాలే సీటున్న బండిని వదిలి నా చేతికి నచ్చిందని ఇంకోటి కొంటే, అది నా స్వార్థమే అవుతుంది కదా? ఇంటికొచ్చాక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మూడోనాడు షోరూముకు ఫోను చేశాను. "రెండు బండ్లూ మా ఊరికి తెండి. మేము తిరిగే రోడ్డు మీద, మేము కూకునే తీరుగా కూకుని సూసుకుంటాను" అన్నాను. అంత దూరం పంపే పద్ధతి లేదన్నారు. "అయితే కొనే పద్ధతి కూడా నాకు నేదు" అని పెట్టేశాను. మూడు వారాల తరువాత వాళ్ళే ఫోను చేసి ఏ రోజు రమ్మంటారని అడిగారు.

చెప్పిన రోజున పొద్దున్నే రెండు బండ్లూ వచ్చాయి. ఐసు ఫ్యాక్టరీలో పనివాళ్ళంతా గేటు దగ్గర మూగారు. ముందు పొడవు బండి తీశాను. వెనక మావను పడుకోబెట్టినట్టు వాల్చాం. ఆయన పక్కన సేల్స్ కుర్రాయన, ముందు నా పక్కన తమ్ముడు. మలుపులో స్పీడు బ్రేకరు మీదికి నెమ్మదిగా ఎక్కించాను. ముందు చక్రాలు దిగాయి. వెనకవి ఇంకా ఎక్కలేదు. అడుగున కర్రుమని చప్పుడు.

కుర్రాయన ముఖం పాలిపోయింది.

"పొట్ట తగిలింది" అన్నాడు మావ, పడుకునే. "పొడుగు బండి గదా. సక్రాల మజ్జిన దూరం ఎక్కువైతే నడుం దిగబడతాది. దిమ్మ తోసి సూస్తే ఇది తెలీదు."

హైవే ఎక్కాక బండి నిజంగానే నీళ్ళ మీద పడవలా సాగింది. గతుకు తెలియలేదు, చప్పుడు లేదు. తమ్ముడు నా వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించాడు. నేను కూడా, సరే ఇదే తీసుకుందాం, మావకు సుఖంగా ఉంటుంది అని గట్టిగా అనుకున్నాను. రణస్థలం రాబోతుండగా వెనకనుంచి "ఒసే, ఆపు" అని వినబడింది. పక్కకు తీసి ఆపాను. మావ తలుపు తీసుకుని దిగి, రోడ్డు పక్కన వంగి వాంతి చేసుకున్నాడు.

నీళ్ళ సీసా పట్టుకుని దగ్గరకు వెళ్ళాను. "సముద్రం మీదికి ఎల్లినప్పుడు గూడా నాకిలగ అవనేదు" అన్నాడు. "బండి ఎటు తిరగతన్నాదో కంటికి అవుపడదు, ఒంటికి తెలీదు. ఉయ్యాల్లో ఏసి తిప్పినట్టున్నాది."

అక్కడే కాస్త సేపు కూర్చున్నాం. షోరూము డ్రైవరు నడుపుకొస్తున్న ఇంకో బండి వెనకే వచ్చి ఆగింది. పొడవు బండి తాళం అతనికిచ్చేశాను. మావ ముఖం కడుక్కుని, దాని ముందు తలుపు తడుముకుని తీశాడు. "ఇందల నాను ముందు కూకుంటాను" అన్నాడు. తమ్ముడూ కుర్రాయనా వెనక ఇరుక్కున్నారు.

ఈ బండి వేరు. రోడ్డు మీద ప్రతి అతుకూ సీటులోనుంచి తెలిసింది. నేను తిప్పితే తిరిగింది, ఆపితే ఆగింది. లారీ పక్కనుంచి దాటితే అదరలేదు. మావ అద్దం కొంచెం దించి, అరచేయి తలుపు మీద ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి "పైడిభీమవరం దాటతన్నాం" అన్నాడు. దాటుతున్నాం. తరువాత "వంతెన" అన్నాడు. వంతెనే. ఇంకాస్త ముందుకు పోయాక, "కుడి పక్కకి తీసుకో, ఎడం పక్క రోడ్డు కుంగిపోయుంటాది" అన్నాడు. తీసుకున్నాను. నిజంగానే ఎడమ వైపు తారు దిగబడి ఉంది.

మూడేళ్ళుగా ఆ దారిలో ఆయన నోట అన్ని మాటలు నేను వినలేదు.

వెనక్కి తిప్పి టీ దుకాణం దగ్గర ఆపాను. తమ్ముడూ కుర్రాయనా కాళ్ళు చాపుకోవడానికి దిగారు. మేమిద్దరమే ఉన్నాం.

"ఏది కొందుం?" అన్నాను.

"ఇదే. ఆ బండి రోడ్డుని దాసేస్తన్నాది. ఇది సెప్తన్నాది. కళ్ళు సరిగ్గా నేనోడికి ఎవులో ఒకలు సెప్పాల గదా."

"నాకు నచ్చిందని తెలిసి అంటన్నావా? నిజం సెప్పు."

"నీకోసమైతే నానేటీ అనకుండా ఊరుకుందును" అన్నాడు కోపంగా. "ఆ వెనక సీట్లో నానొక్కణ్ణీ ఏటి సేస్తానే? తెరలేసుకుని శవంలాగ ఎల్లాలా? నాను డ్రైవర్ని. ముందే కూకుంటాను."

 ఆయన సుఖం అని నేను అనుకున్నది వేరు, ఆయనకు కావలసింది వేరు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆ మాట అడిగి తెలుసుకోవడానికి ఒక కారు కొనవలసి వచ్చింది. ఇంజెక్షను రోజున సీటు వాలకపోతే ఎలా అని అడిగితే, ముందు సీటు కూడా కొంత వాలుతుందని ఆయన అప్పటికే మీట నొక్కి చూసుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో తమ్ముడు వదిలిపెట్టలేదు. "అప్పా, ఒకే కంపెనీ, ఒకే ధర. అంత డబ్బెట్టి వెనక మనిసి కూకోడానికి సోటు నేని బండి కొంటే నలుగురూ నవ్వుతారు. రేపు పెళ్ళికో పేరంటానికో ఎల్తే ఆ పొడుగు బండికుండే గౌరవమే వేరు. నువ్వు డ్రైవరు సీట్లోంచి దిగితే ఏటి బాగుంటాది?"

"నవ్వినోల్లని నెలనెలా మీ మావని విశాపట్నం తీసుకెల్లమను. అప్పుడు ఆల్లు సెప్పిన బండే కొంటాను" అన్నాను. వాడు ఇంకేదో అనబోయాడు. "మరి మాటాడకు. రేపు సంతకం పెట్టేస్తన్నాను."

మరునాడు నేనే నడుపుకుంటూ వెళ్ళి సంతకం పెట్టాను. సేల్స్ కుర్రాయన కాగితాలన్నీ తిన్నగా నా ముందే పెట్టాడు. చివర్లో "ఇంకేమైనా అడుగుతారా మేడమ్" అన్నాడు. "సీట్లకి సేపల వాసన పడితే పోతాదా?" అని అడిగాను. నవ్వబోయి, నేను నిజంగానే అడుగుతున్నానని గ్రహించి, లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చాడు.

బండి వచ్చి తొమ్మిది నెలలైంది. లోపాలు లేవని చెప్పను. తమ్ముడు వెనక ఎక్కితే మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని కూర్చుంటాడు, దిగేదాకా సణుగుతాడు. గతుకుల రోడ్డు మీద నడుం నొప్పి పుడుతుంది. మా స్పీడు బ్రేకరును ఇది కూడా ఏటవాలుగా తీసుకుంటేనే దాటుతుంది. మొదటి నెలలో ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఆయన లోపలికి వంగి చూసి, "డ్రైవరు లేడా అమ్మా? బండి అటు పక్క పెట్టించాలి" అన్నాడు. "డ్రైవర్ని నానే, ఓనర్నీ నానే. ఎటు పెట్టాలో సెప్పు" అన్నాను. ఇప్పుడు మా బండి కనబడితే ఆయనే ముందుకు వచ్చి చోటు చూపిస్తాడు.

మావ కుడి కన్ను నిలబడిందని డాక్టరు అంటున్నాడు. ఎడమది ఇక తేరుకోదు. ఆ మాట విన్న రోజున కూడా మావ ముందు సీట్లోనే కూర్చుని, దారి పొడుగునా ఎక్కడ ఏ గేరులో లారీ ఎక్కించేవాడో చెబుతూ వచ్చాడు.

పోయిన నెల వెళ్తున్నప్పుడు భోగాపురం దగ్గర ముందు ఒక లారీ అడ్డం వచ్చింది. దాటబోయాను.

"ఆగు" అన్నాడు మావ, దించిన అద్దం వైపు చెవి పెట్టి. "దాని వెనక సక్రం గాలి దిగిపోతన్నాది. దూరంగా ఉండు."

నాకేమీ వినబడలేదు. అయినా వేగం తగ్గించి వెనకే ఉన్నాను. కొంత దూరం పోయాక లారీ పక్కకు తీసి ఆగింది. డ్రైవరు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక చక్రం వైపు చూస్తున్నాడు. ఆ సంగతి మావకు చెప్పాను.

తల ఊపాడు. "సరే, బేగి పోనీ. డాక్టరు వచ్చే వేళయింది" అన్నాడు.