నలభై ఐదు బస్తాల పొలం

మా నాన్న ఆరెకరాలు కౌలుకు చేస్తాడు. ఆ పొలం ఆసామికి గవర్నర్‌పేటలో పైపుల హోల్‌సేల్ షాపు ఉంది. ఈసారి నాట్లకు బ్యాంకు అప్పు తన పేరు మీదే తీసుకోవాలని నాన్న పట్టుబట్టాడు. నేను కొండపల్లి దగ్గర పవర్ స్టేషన్‌లో ఇంజినీర్ని. డబ్బు నేనిస్తానంటే, “సేద్యం నాదీ, అప్పు నీదీనా?” అన్నాడు.

బ్యాంకు అప్పు రావాలంటే కౌలు కార్డు ఉండాలి. దానికి ఆధార్, ఫొటోలు, సర్వే నంబర్లు, ఆసామి సంతకం కావాలి. మొదటి మూడూ వరసగా ఫైల్లో పెట్టుకుని, సంతకం కోసం షాపుకు వెళ్లాం.

ఆసామి మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. కాగితం చదివి మెల్లగా వెనక్కి జరిపాడు.

“దీని మీద సంతకం పెడితే నేను రైతును కాకుండా పోతానయ్యా.”

“మీరు పొలం మొహం చూసి నాలుగేళ్లయిందిగదండీ!” అన్నాడు నాన్న.

“కాగితంలో రోజూ వస్తన్నా,” అని ఆసామి నవ్వాడు. “ఎకరానికి నలభై ఐదు బస్తాలు నేనే పండిస్తన్నట్టు చూపిస్తన్నారు మా ఆడిటర్ గారు. పంట డబ్బుకి పన్ను లేదుగా. కౌలుకిచ్చానంటే నాకొచ్చే కౌలు ఎకరానికి పదిహేనేనని తేలిపోద్ది. మిగతాదంతా షాపు డబ్బని పట్టుకోరూ? ఏం బాబూ, చదువుకున్నోడివి, నువ్వు చెప్పు.”

నేను కాగితం తీసి మళ్లీ ఫైల్లో పెట్టాను. ఆసామి నాన్న వైపు తిరిగాడు.

“డబ్బులే కావాలంటే నేనిస్తానయ్యా. రెండు రూపాయల వడ్డీ. నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా?”

“సరేనండీ,” అన్నాడు నాన్న.

బయటికొచ్చాక ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. “కాదంటే పొలం ఇంకోడికిస్తాడ్రా,” అన్నాడు. సిటీ బస్సు బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోయినప్పుడు తనలో తనే నవ్వుకున్నాడు. “ముప్పై దాటితే పండగ చేసుకుంటాం మనం. నలభై ఐదంట! ఆ విత్తనమేదో అడగాల్సింది.”

పంటకు పన్ను వద్దన్న నియమం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. నా పన్ను జీతం చేతికి రాకముందే పోతుంది. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కానీ ఆ మినహాయింపు వల్ల నాన్నకు పైసా మిగల్లేదు. పన్ను వేసినా కట్టేంత ఆదాయం ఆయనకెప్పుడూ లేదు. పైగా, దానివల్లే రైతుననిపించుకునే కాగితం ఆయనకు దక్కలేదు. ఆఫీసులో ఒకాయనకు ఇదంతా చెబితే, “అది మినహాయింపు తప్పు కాదు, వాడుకునేవాడి తప్పు,” అన్నాడు. నిజమే. కాకపోతే అలా వాడుకోవాలన్నా పొలం, షాపు, ఆడిటర్, మూడూ ఉండాలి.

నాట్లు సకాలంలోనే పడ్డాయి. కోతలయ్యాక నాన్న కట్టబోయే వడ్డీ కూడా ఆసామి లెక్కల్లో వడ్లుగానే చేరుతుందేమో.