నీళ్ళ కబురు చివర చెప్పే మనిషి

ఈ రోజు ఆదివారం. మా వియ్యంకుడు చనిపోయి మూడు వారాలు కావస్తోంది. దినాలు అయ్యాయి, వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు, షామియానా వాడు కర్రలు పీక్కుని పోయాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని అప్పుడే అనుకున్నాను, చేయి రాలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు. మా వీధికి నీళ్ళ కబురు ఇకమీదట ఎవరు చెప్పాలన్నదాని మీద గొడవ ముదిరింది. ఆ పని ఆయన ఇంటి నుంచి తీసేయాలని కొందరు పట్టుబట్టారు. తీసేస్తే మా వదిన, అంటే ఆయన భార్య, ఆ ఇంట్లో తలుపేసుకుని ఉండిపోతుంది. అది నాకు సమ్మతం కాదు.

మా వీధి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మాది బుక్కరాయసముద్రం. డాబా ఎక్కితే చెరువు కట్ట కనిపిస్తుంది, కొళాయిలో మాత్రం మూడు నాలుగు రోజులకొకసారి నీళ్ళు. ఏ వేళకు వస్తాయో వదిలేవాడికే తెలియదు. పైపు రోడ్డు వైపు నుంచి వస్తుంది. అక్కడ మొదటి ఇల్లు వియ్యంకుడిది. వీధి అక్కడి నుంచి మిట్ట ఎక్కుతుంది. మా ఇల్లు మిట్ట మీద, అన్నిటికన్నా చివర కూలికి పోయే మరియమ్మ ఇల్లు. మొదటి ఇంట్లో ధార పడ్డ కాసేపటికి గానీ మాకు చుక్క రాదు. వచ్చినా సన్నగా వచ్చి త్వరగా ఆగిపోతుంది. కాబట్టి మొదటింటివాళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు బిందెలతో సిద్ధంగా ఉండాలి. ఒకప్పుడు కేక వేసేవారు. తర్వాత ఫోనులో వీధి గ్రూపు ఒకటి పెట్టారు. దానికి ఆయనే పెద్ద.

ఆయన టైపు చేసేవారు కాదు. మాట్లాడి పంపేవారు. చదువురాని వాళ్ళు కూడా వినాలి కదా అనేవారు, అది నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది, నీళ్ళ సంగతి చివర చెప్పడం.

"అందరికీ నమస్కారం. మొదటింటి నుంచి మాట్లాడతాండా. ఈ పొద్దు టీ అంగట్లో ఫోనుతో దుడ్లు కొట్టినా. కొడితే ఆ డబ్బా ఇంత గొంతేసుకొని బజారంతా అరిచింది. నేను టీ తాగిన సంగతి ఊరికంతా ఏల చెప్పల్ల? నాకు షుగరని ఇంట్లో తాగనియ్యరు. అవతల అంగట్లో మా ఆడమనిషి కొత్తిమీర కొంటాండాది. ఇంగ మీరే చూసుకోండి నా గతి. ఈ కాలంలో మనిషికి చిన్న అబద్ధం ఆడేదానికి కూడా జాగా లేకుండా చేసినారప్పా. సరే, నీళ్ళొచ్చినాయి. పట్టుకోండి."

ఇది వింటూ నేను ఒక చేత్తో బిందె, ఒక చేత్తో ఫోను పట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగుతుంటే నిలబడాలి. ఆఖరి మాట నీళ్ళో, లేక ఊరికే అభిప్రాయమో తెలియదు. కొన్ని రోజులు ఊరికే అభిప్రాయమే.

మా అబ్బాయికి వాళ్ళ అమ్మాయినిచ్చారు. పిల్లనిచ్చినవాళ్ళు ఒక మెట్టు తగ్గి ఉంటారని లోకం చెబుతుంది. ఆయన తగ్గినట్టు నేను చూడలేదు. పెళ్ళైన కొత్తలో నన్ను 'మీరు' అన్నారు, మనవరాలు పుట్టగానే 'నువ్వు'లోకి దిగారు. నేను మాత్రం 'మీరు' వదల్లేదు. ఒకరోజు ఇంటికే వెళ్ళి అడిగాను.

"అన్నా, నీళ్ళ సంగతి ముందు చెప్పండి. మీ అభిప్రాయాలు తర్వాత తీరికగా వింటాం."

"నూనె మిల్లులో అన్నేండ్లు లెక్కలు రాసినావు కదమ్మా. మొత్తం యాడ రాస్తావు? అడుగునే కదా?"

"నీళ్ళు లెక్క కాదన్నా. కారిపోతాయి."

ఆయన నవ్వి, గొంతు తగ్గించి అన్నారు. "ముందే చెప్పేస్తే తర్వాత ఎవరు వింటారు చెల్లెమ్మా?"

నేను చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను. కోపం మాత్రం పోలేదు.

నా అవస్థ చూసి మనవరాలు ఒక ఉపాయం చెప్పింది. ఫోనులో ఏదో నొక్కితే మాటలు రెండింతల వేగంతో పరుగెడతాయి. ఆయన గొంతు ఉడుత గొంతైపోయేది గానీ పని జరిగేది. నాలుగు రోజుల్లో ఆయనకు తెలిసిపోయింది. మనవరాలి నోట్లో నువ్వుగింజ నానదు.

"నా బస్సు ఏనాడూ అరవై దాటల్యా. నువ్వు నా మాటని నూటిరవైలో తోలతాండావంటనే?" అని గేటు దగ్గరే అడిగారు.

ఆయన ప్రభుత్వ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ సంగతి ఆటల దగ్గర కూడా మరిచిపోలేదు. మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఫోనులో తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటి ఆడుతుంది. దాన్ని మాన్పించమని ఆయన్ని మధ్యవర్తిగా పంపాను. ఆయన వెళ్ళి జట్టులో చేరి వచ్చారు. అదీ ఆయన మధ్యవర్తిత్వం.

చేరినవారు ఒక్క తూటా కాల్చలేదు. ఆటలో ఎప్పుడూ గోడ చాటున నిలబడేవారు. ఏ ఊరి పిల్లలో ఏమో, "అంకుల్, కాల్చండి, కాల్చండి!" అని ఫోనులోంచి మొత్తుకునేవారు.

"వాళ్ళు నన్నేమీ అనల్యా కదప్పా. నేనేల కాల్చల్ల?" అని ఈయన.

జట్టు ఓడిపోయేది. మనవరాలు విసిగిపోయి ఆయనకు బస్సు నడిపే ఆట వేసిచ్చింది. ఇక చూడాలి. కుర్చీలో కూర్చుని మళ్ళీ డ్యూటీ ఎక్కారు. మలుపు వస్తే భుజం వంగేది. ప్రతి స్టాపులో ఆపేవారు. ఆ ఆటలో టైము దాటితే ఓడినట్టు.

"తాతా, ఎక్కేవాళ్ళు బొమ్మలు తాతా! ఆపకుండా పోనీ."

"బొమ్మలైతే ఏం పాపా, ఎండలో నిలబడి ఉండారు కదా."

నేను పక్కనే కందిపప్పు ఏరుతున్నాను. ఇక ఉండబట్టలేక, "అన్నా, ఆడితే గెలవండి, లేకపోతే మానండి" అన్నాను.

"గెలిచినోడు బండి దిగిపోవల్ల కదమ్మా. నాకు దిగేదానికి మనసొప్పదు" అన్నారు, కళ్ళు ఫోను మీంచి తీయకుండా.

మర్నాడు వీధంతటికీ దాని మీద ఉపన్యాసం. ఓడిపోగానే 'మళ్ళీ ఆడు' అని మీట వస్తుందట. కాసేపు బాధపడేదానికి కూడా వదలదట. అది తనకు నచ్చలేదట. సరే, నీళ్ళొచ్చినాయి.

వాన సంగతి చెప్పే ఫోను మీద కూడా ఆయనకు ఒక మాట ఉండేది. "గొడుగు బొమ్మ చూపిస్తాది పాపం. మన అనంతపురానికి వచ్చేసరికి దానికీ దావ తప్పిపోతాది." ఈ మాట ఎన్నిసార్లు విన్నామో. ప్రతిసారీ ఆయనే ముందు నవ్వేవారు.

ఆయనకూ దావ తప్పింది ఒకసారి. పోయిన ఏడు ఉరవకొండలో పెళ్ళికి బయల్దేరాం. మా అబ్బాయి కారు నడుపుతున్నాడు, ఆయన ముందు సీట్లో. ఫోనులో ఆడగొంతు ఎడమకు తిరగమంది.

"ఏమ్మా, ఉరవకొండ దావ నాకు చెప్తాండావా? ఈ రోడ్డు మీద నేను బస్సు తోలేటప్పుడు నువ్వు పుట్టల్యా. గమ్మునుండు" అని దాన్ని గదమాయించి, నేరుగా పొమ్మన్నారు. పోయాం. ముందు కల్వర్టు కడుతూ రోడ్డు తవ్వి ఉంది. పక్కనున్న వేరుశనగ చేలోకి దించితే కారు దిగబడింది. ముహూర్తం దాటిపోయింది. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోవడం ఎంత పెద్ద తిట్టో మా కోడలికి తెలుసు. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, "తప్పయింది తల్లీ. నువ్వు చెప్పిందే నిజం. ఇంగ ఎట్ల పోవల్లో చెప్పు" అన్నారు. ఇన్నేళ్ళ వియ్యంలో నా దగ్గర అంత మర్యాదగా ఒక్క తప్పూ ఒప్పుకోలేదు. ఫోను దగ్గర ఒప్పుకున్నారు.

ఇన్ని చెబుతున్నాను, ఇది చెప్పకపోతే అన్యాయం. తన మాట ఎవరెవరు వినలేదో ఫోనులో చూసుకునేవారు. విననివాళ్ళకు విడిగా ఫోను చేసేవారు. "ఏమప్పా, నిద్రపోతాండావా? నీళ్ళు" అని ఒక్క ముక్క. అక్కడ అభిప్రాయాలు ఉండేవి కావు. మరియమ్మ చేలో ఉంటే ఆమె పక్కింటికి చేసేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా మిట్ట మీద నీళ్ళు అందని ఇల్లు లేదు. ఆ సంగతి మేమెవరం ఎప్పుడూ పైకి అనలేదు. తిట్టుకోవడంలోనే సరిపోయింది.

ఆ రోజు తెల్లవారుతూనే వదిన ఫోను చేసింది. "వదినా, ఆయన లేస్తాలేడు. నువ్వు రా." అంతే అంది. నేను పోయేసరికి ఆయన పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

మధ్యాహ్నం లోపల వీధంతా ఆ ఇంటి ముందు చేరింది. గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. ఎదురెదురుగా కూర్చున్న వాళ్ళు కూడా తలలు వంచుకుని ఫోనులో శాంతి కోరుకుంటున్నారు. ఆ గొడవలో నీళ్ళు వచ్చాయి. మొదటింటి కొళాయి తెరిచే ఉంది. ధార పొంగి, షామియానా కింద కుర్చీల మధ్య నుంచి పారింది. అందరం కాళ్ళు ఎత్తి పెట్టుకున్నాం. నేనూ చెప్పులు పక్కకు జరుపుకుని కూర్చున్నాను. 'నీళ్ళు' అని ఒక్కరి నోట మాట రాలేదు. చెప్పే మనిషి అక్కడ పడుకుని ఉన్నారు. ఎవరో కుర్రవాడు గ్రూపులో రెండు ముక్కలు టైపు చేశాడట, ఆ బొమ్మల కింద అది ఎక్కడో కలిసిపోయింది.

మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చారు. స్నానం చేయకుండా లోపలికి పోకూడదు. ఏ ఇంట్లోనూ చెంబెడు నీళ్ళు లేవు. తువ్వాళ్ళు కట్టుకున్న మగవాళ్ళు, కొంగులు బిగించుకున్న ఆడవాళ్ళు, వీధి వీధంతా గడపల బయట నిలబడ్డాం. ట్యాంకరువాడికి ఫోను చేస్తే దావలో ఉన్నామన్నాడు. దావలో పొద్దు గూకేదాకా ఉన్నాడు.

ఎదురింటాయన అరుగు మీద చతికిలబడి, "మామ ఉండుంటే చెప్పుండేటోడు కదప్పా" అన్నాడు.

పొద్దున్నుంచీ ఏడుస్తున్న మా కోడలు పక్కున నవ్వింది. నవ్వు సగంలోనే మళ్ళీ ఏడుపైంది.

ఆ తర్వాత మా వీధి తెలివితేటలు చెప్పాలంటే నాకు ఓపిక చాలదు. 'నీళ్ళు మాత్రమే' అని కొత్త గ్రూపు పెట్టారు. మర్నాడే అందులో గులాబీ పువ్వుతో శుభోదయం. తర్వాత 'నీళ్ళు వచ్చాయా' అని ఓటు పెట్టారు. అందరం బిందెలతో పరుగెత్తాం, కొళాయి పొడిగా ఉంది. 'అవును' నొక్కినవాడు ఆ రోజు కర్నూలులో పెళ్ళిలో ఉన్నాడు. "ఊరికే నొక్కినానత్తా" అన్నాడు. అలా రెండు విడతలు నీళ్ళు పోయాయి.

చివరకు రెండో ఇంటి ఇంజనీరు పైపుకు ఏదో యంత్రం బిగిస్తానన్నాడు. నీళ్ళు రాగానే అందరి ఫోన్లూ వాటంతట అవే మోగుతాయట. వీధంతా సంబరపడింది.

"మరి మొదటింటి ఆమె?" అన్నాను.

"ఆమెకెందుకత్తా శ్రమ? లోపల కూచొని ఉండనీ పాపం."

అదే నా బాధ. భర్త పోయిన ఆడది నెలల తరబడి గడప దాటకూడదని ఇంకా అనుకునే వీధి ఇది. వదిన దినాల తర్వాత నోరు విప్పడం మానేసింది. అడిగినదానికి ఊ అంటుంది. మా ఇంటికి రమ్మంటే రాలేదు. నీళ్ళు వచ్చాయా అని ఎవరైనా పోయి తట్టినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటోంది. యంత్రం వస్తే ఎవరు తడతారు?

మొన్న బుధవారం ఫోను మోగింది. వీధి గ్రూపులో ఆయన పేరు, ఆయన ఫోటో. మా కోడలు ఫోను నా ఒళ్ళో పెట్టి వెనక్కి జరిగింది. నొక్కాను. మాటల్లేవు. కొళాయి గురగురలాడింది. ఖాళీ బిందె అడుగున నీళ్ళు పడ్డాయి, నిండేకొద్దీ ఆ చప్పుడు సన్నబడింది. చివర్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. మాట రాలేదు. ఆగిపోయింది.

"నువ్వు నేర్పినావా?" అని మనవరాలిని అడిగాను.

"లేదు జేజీ. అవ్వ రోజూ తాత పక్కనే ఉండేది కదా."

వీధంతా బిందెలు ఎత్తుకుని బయటికొచ్చింది. నిన్న శనివారం మళ్ళీ అలాగే వచ్చింది. కానీ నిన్న జరిగిన ఇంకొకదాని మీద ఇవాళ పొద్దున్నుంచి గొణుగుడు మొదలైంది. నాకు గొణుగుడు గిట్టదు. ఇకమీదట జరగవలసినవి రాస్తున్నాను.

1. నీళ్ళ కబురు మొదటింటి నుంచే వస్తుంది. ఇందులో చర్చ లేదు.

2. ఇంజనీరు యంత్రం బిగించుకోవచ్చు. దాని మోత తన ఇంటివరకే ఉంచుకోవాలి.

3. కబురు వచ్చాక గ్రూపులో చేతులు జోడించే బొమ్మలు పెట్టకూడదు. ఆ చేతులతో బిందె పట్టుకోండి.

4. ఆయన ఫోనుకు రీఛార్జి మా ఇంటి నుంచి వేస్తాం. ఆ పేరు, ఆ ఫోటో మార్చమని వదినను ఎవరూ అడగకూడదు.

5. మరియమ్మ కూలికి పోయిన రోజున ఆమె బిందెలు పక్కింటివాళ్ళు కొళాయి కింద పెట్టాలి. నిన్న పెట్టలేదు.

6. నెల తిరక్కుండానే మొదటింటామె వీధిలోకి వచ్చిందని అనదలచినవాళ్ళు ముందు నా ఎదురుగా అనాలి. నిన్న ఆమె గేటు దగ్గర నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మిట్ట వైపు ఒక్కొక్క ఇంటి గుమ్మమే చూసుకుంటూ వచ్చింది. చివరింటి ముందు రెండు బిందెలు ఖాళీగా ఉన్నాయి. ఆమె చెప్పులు వేసుకుని, మా అందరి వాకిళ్ళ ముందు నుంచి తలెత్తే నడిచి వెళ్ళింది. మరియమ్మ ఇంటి కొళాయి తనే తిప్పి, బిందె జరిపి, ఆ దారం లాంటి ధార కింద అది నిండేదాకా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అక్కడే కూర్చుంది.