మంచు ఆరకముందే పెట్టాల్సిన నిప్పు

మాది పామర్రు దగ్గర ఊరు. నాకు తెలిసిన నిప్పంతా వరిచేలలో చూసిందే. కోతలయ్యాక మా నాన్న గాలివాటం చూసి ఒక గట్టున అంటించేవాడు. అది పరిగెత్తుకుంటూ అవతలి గట్టు దాకా పోయి ఆరిపోయేది. అందుకే మైలవరం అవతల కొండ మీద మొదటిసారి నిలబడ్డ రోజున, "గాలి కింద నుంచే కదండీ వస్తోంది, కింద అంటిస్తే త్వరగా అయిపోతుంది" అన్నాను.

అడవి వాచర్ నా వైపు తిరిగాడు. ఆయనకు మా నాన్న వయసుంటుంది.

"మీది డెల్టానా మేడం గారూ?"

"అవునండీ."

"అనుకున్నా. చేలో నిప్పు పరిగెత్తాలి. ఇక్కడ నడవాలి. అదీ కొండ పైనుంచి కిందకి, గాలికి ఎదురు."

నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఆ కొండ మీద ఒక ముక్క అడవిలో అటవీశాఖ వాళ్లతో కలిసి మా కాలేజీ ఒక పని పెట్టుకుంది. అక్కడ పెద్ద మద్దిచెట్లు, టేకుచెట్లు ఉన్నాయి. వాటి కింద మొలిచిన పిల్లచెట్లు మాత్రం ఎదగడం లేదు. నడుమెత్తు గడ్డి, పొదలు వాటికి వెలుతురు దక్కనివ్వవు. ఎండాకాలంలో ఎవరో పారేసిన బీడీకి ఆ గడ్డీ ఎండుటాకూ ఒక్కసారిగా భగ్గుమంటే పిల్లచెట్లు వేళ్లతో సహా పోతాయి. అందుకని చలికాలంలోనే, ఆకు మీద మంచు తడి ఉండగా, చిన్న మంటతో ఆ చెత్తంతా కాల్చేయాలి. పిల్లచెట్ల కాడలు కాలినా వేళ్లు బతికే ఉంటాయి. వానలకు ఆ వేరు అంతకంటే బలమైన కాడను పైకి పంపుతుంది.

ఇదంతా మా అత్తయ్యగారికి వివరించాను. "పిల్లల్ని కాల్చి పెంచడం మీ కాలేజీలోనే విన్నానమ్మాయ్" అన్నారు.

అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. అది పుట్టినప్పటి నుంచి భయం నాకు అలవాటైపోయింది. నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. పాల వేడి నేనే చూడాలి, దగ్గు మందు నేనే కొలవాలి. ఇంట్లో అందరూ విసుక్కునే ఈ గుణం కొండ మీద పనికొచ్చింది. గాలి ఎంత ఉంది, తేమ ఎంత ఉంది అని పది నిమిషాలకోసారి మీటరు చూస్తుంటే, అటవీశాఖ సెక్షన్ ఆఫీసరు గారు "అంటించండి, ఆపండి అనే మాట మీరే చెప్పండి మేడం, మీరు తొందరపడరు" అన్నారు.

వాచర్‌కి మీటరు అక్కర్లేదు. కింద రాలిన టేకాకు ఒకటి తీసి చెవి దగ్గర మడుస్తాడు. చప్పుడు లేకపోతే నిప్పు అంటుకోదు. సన్నగా గరగరమంటే సరిగ్గా ఉన్నట్టు. పటుక్కున విరిగితే ఆ రోజుకి పని లేదు. ఆయన ఆకూ నా మీటరూ ఎప్పుడూ ఒకే మాట చెప్పాయి.

ఆ జనవరిలో ఆయన ఆరింటికి మొదలుపెడదామన్నాడు. నేను ఎనిమిదింటికి అన్నాను. ఆరింటికి తేమ ఎక్కువై నిప్పు అంటుకోదని చెప్పాను. అసలు కారణం పాప. తెల్లవారుజామున అది లేచాక, పాలు నా చేత్తో పట్టాకే నేను బస్సెక్కుతాను. ముందు రోజే వచ్చి మైలవరంలో పడుకోవచ్చన్న ఆలోచన నాకు తట్టనే లేదు.

ఎనిమిదింటికి పైన అంటించాం. చీలమండ ఎత్తు మంట నిదానంగా కొండ దిగుతూ వచ్చింది. తొమ్మిదిన్నరకు సగం అయ్యింది. వాచర్ ఒక ఆకు తెచ్చి నా చెవి దగ్గర మడిచాడు. పటుక్కుమంది.

"ఆపండి" అన్నాను.

"ఇంకో గంటే కదా మేడం. ఇంతమందిని మళ్లీ పోగెయ్యడం నా వల్ల కాదు" అన్నారు ఆఫీసరు గారు.

"వద్దు సార్. ఇక్కడితో ఆపేద్దాం."

పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేశారు. కింద సగం అలాగే ఉండిపోయింది. మళ్లీ మనుషులు కుదిరేసరికి ఎండలు ముదిరాయి.

ఏప్రిల్లో వాచర్ ఫోన్ చేశాడు. "రోడ్డు వైపు నుంచి మంట ఎక్కింది మేడం గారూ. కింద సగం పోయింది. మనం కాల్చిన చోటికొచ్చి, తినడానికేం లేక ఆగింది."

వానలు పడ్డాక వెళ్లి చూశాను. పై సగంలో పాదం ఎక్కడ పెట్టాలో చూసుకుని నడవాల్సి వచ్చింది, అన్ని చిగుళ్లు. కింద సగం బోడిగా ఉంది. తవ్వి చూస్తే వేళ్లు చాలావరకు బొగ్గై చేతిలో పొడయ్యాయి. కొన్ని మాత్రం గీరితే లోపల తెల్లగా ఉన్నాయి.

"ఆ రోజు నేను ఆపకూడదేమో" అన్నాను.

"ఆపడం మంచిపనే. ఆపకపోతే మాలో ఎవరో ఒకరు కాలేవాళ్లం."

"మరి తప్పెక్కడ జరిగింది?"

"ఆరింటికి రావాల్సింది" అన్నాడు. ఎనిమిదింటికి మొదలుపెడితే పూర్తవదని ఆయనకు ఆ రోజే తెలుసు.

రిపోర్టులో "వాతావరణం అనుకూలించలేదు" అని రాసిన వాక్యం కొట్టేసి, నా వల్ల ఆలస్యంగా మొదలైందని రాశాను. ఆఫీసరు గారు చదివి ఒక్కటే అన్నారు. "వచ్చే చలికాలం మొత్తం ముక్క ఒకే పూటలో అవ్వాలి మేడం. కాకపోతే ఇక్కడితో మానేద్దాం." మానేస్తే ఆ మిగిలిన వేళ్లు ఇంకో ఎండాకాలం మంటకు బతకవు.

"అత్తయ్యగారూ, ఒక్క రాత్రి పాప మీ దగ్గర పడుకుంటుందా?" అని చలికాలం రాగానే అడిగాను.

"నీ మొగుణ్ణి పెంచింది ఎవరనుకున్నావు?"

అయినా రెండు పేజీల నిండా జాగ్రత్తలు రాసిచ్చాను. ఆవిడ చదవకుండానే పోపులడబ్బా కింద పెట్టారు.

ముందు రోజే వెళ్లి వాచర్ ఇంట్లో పడుకున్నాను. ఆరింటికి కొండ మీద ఉన్నాను. ఆకు గరగరమంది. "అంటించండి" అన్నాను. మూడు గంటల పాటు మీటరు, ఆకు, మంట తప్ప ఇంకేమీ చూడలేదు. ఫోన్ బ్యాగులోంచి తీయలేదు. ఎండ ఎక్కే వేళకు మంట కింది బాట దాకా వచ్చి, దానంతటదే ఆగింది. మొత్తం ముక్క అయ్యింది.

అప్పుడు ఫోన్ చేశాను.

"పాలు తాగిందా అత్తయ్యగారూ?"

"ఎప్పుడో తాగింది. ఇప్పుడు ఇడ్లీ తింటూ నా చీరకి పూస్తోంది. నిన్ను అడగనైనా అడగలేదు. నువ్వు ముందు ఆ మంట పూర్తిగా ఆరిందో లేదో చూసుకో."

ఆవిడ మీద కోపం రాలేదు. బూడిద అంచు వెంబడి వంగి, అరచేతి వెనక వైపు ఆనిస్తూ నడిచాను. ఒక మద్ది మొదలు దగ్గర ఇంకా వెచ్చగా ఉంది. నీళ్ల క్యాను ఇటు తెమ్మన్నాను.